డోర్ నంబరు ఉన్న బండి

కొమ్మిశెట్టి వామనరావు అనే మనిషి మా వేమలంకలో పుట్టి ఉండకపోతే ఈపాటికి నేను నా షెడ్డులో కూర్చుని ఎవరిదో స్కూటరుకి క్లచ్ ప్లేట్లు మారుస్తూ ఉండేవాణ్ణి. ఆయన నన్ను కొట్టలేదు, తిట్టలేదు. ఒక్క ప్రశ్న అడిగాడు. కత్తితో పొడిచినవాడి మీద కేసు పెట్టవచ్చు గానీ, ప్రశ్న అడిగినవాడి మీద పెట్టడానికి సెక్షను లేదట. కనుక్కున్నాను.

ఆ ప్రశ్న, "ఇదేంటి?" అని.

నా షెడ్డులో ఒక మూడు చక్రాల బండి ఉండేది. కారు కన్నా చిన్నది, ఆటో కన్నా పొట్టిది. ముందు రెండు చక్రాలు, వెనక ఒకటి. తలుపు పక్కన ఉండదు, ముందుంటుంది. బీరువా తలుపులాగా ముందుకు తెరుచుకుంటే లోపలికి వెళ్లి కూర్చోవాలి. దూరంనుంచి చూస్తే కాళ్లొచ్చిన కోడిగుడ్డులా ఉంటుంది. మా పేటలో పిల్లలు దాన్ని గుడ్డుబండి అనేవారు. మా ఆవిడ నాగరత్నం 'నీ మొదటి పెళ్లాం' అనేది. సోమవారం సోమవారం నేను దాని మీదే బజారుకెళ్లి సామాన్లు తెచ్చుకునేవాణ్ణి. కానిస్టేబుళ్లు కూడా నవ్వి వదిలేసేవారు. చూస్తే నవ్వొచ్చే బండిని కాగితాలడగడం మన దేశంలో ఆనవాయితీ కాదు. ఇరవై రెండేళ్లలో ఒక్కడు కూడా అదేమిటని అడగలేదు. అదేమిటో ఎవరికీ తెలియనంతకాలం అది నాదే.

అదేమిటో నాకు తెలుసు. దాన్ని మా గురువు దావూద్ సాయిబు 1971లో చేశాడు. ఆయన ఇల్లు కాలవగట్టు మీద. భార్యకి ఒక కాలు సరిగా లేదు. గట్టు ఎంత ఇరుకంటే ఎదురుగా గేదె వస్తే ఎవరో ఒకరు మర్యాదగా కాలవలో దిగాలి. మొదట సాయిబు ఒక స్కూటరుకి తొట్టి కట్టి భార్యని ఆసుపత్రికి తీసుకెళ్లాడు. ఆవిడ పక్కకి దిగబోయి కాలవలో పడింది. అప్పుడు కూర్చుని ఈ బండి చేశాడు. పక్కకి దిగితే నీళ్లు కాబట్టి తలుపు ముందుకి పెట్టాడు. గట్టు మీద బండి వెనక్కి తిప్పుకునే చోటు ఉండదు కాబట్టి రివర్సు గేరు పెట్టలేదు, తోక పట్టి ఎత్తి తిప్పేసేవాడు. ఇంజను పాత స్కూటరుది, రేకు నూనె పీపాలది. పన్నెండేళ్లప్పుడు ఏడో తరగతి తప్పి నేను ఆయన దగ్గర చేరాను. చనిపోయే ముందు పిల్లల్లేని సాయిబు ఆ షెడ్డునీ బండినీ నా పేర రిజిస్టరు చేసిపోయాడు. దస్తావేజు ఆయన చెప్పిన మాటలతోనే రాయించాడు. ఆ మాటల సంగతి తర్వాత వస్తుంది.

వామనరావుగారికి బట్టల కొట్లు రెండున్నాయి, కొడుకులు చూసుకుంటారు. ఆయన పాత వస్తువుల ప్రేమికుల సంఘానికి అధ్యక్షుడు. ఇంట్లో పాత గడియారాలు, పాత గ్రామఫోను, పాత తూకం రాళ్లు అన్నీ దాచుకున్నాడు. కొట్లో పాత గుమస్తాల్ని మాత్రం మాన్పించేశాడు. ఒకరోజు తన స్కూటరుకి ప్లగ్గు మార్పించుకోవడానికి వచ్చి, నా వెనక చూసి, నోరు తెరిచాడు.

"తాతారావ్! ఇదేంటయ్యా?"

"బండండి."

"బండని తెలుస్తోందిలేవోయ్. ఏ దేశపు బండి?"

"మన కాలవగట్టు బండండి. మా దావూద్ సాయిబు చేశాడండి."

ఆయన నవ్వాడు. ఫోను తీసి ఫొటోలు కొడుతూ, "నువ్వు ఎందాకా చదివావు?" అన్నాడు.

"ఏడు తప్పానండి."

"అదీ సంగతి. ఇలాంటివి యుద్ధం అయ్యాక యూరపులో చేశారు. తలుపు ముందుకి పెట్టడం చూశావా? ఎంత ఊహ కావాలి! మన సాయిబుకి తడుతుందా అది?"

"ఊరికే తట్టలేదండి. పెళ్లాం కాలవలో పడ్డాక తట్టిందండి."

ఆయన వినలేదు. ఆ సాయంత్రానికే ఫొటోలు ఆయన సంఘం గ్రూపులో పడ్డాయి. రెండ్రోజులపాటు నా బండిని గుర్తుపట్టారు. ఒకాయన జర్మనీది అన్నాడు. ఇంకొకాయన ఇటలీదని ప్రమాణం చేశాడు. ఒకడు ఇది సర్కసువాళ్ల బండి, లోపల ఎలుగుబంటి కూర్చునేది అన్నాడు. చివరికి ఓట్లు పెట్టారు. యూరపుకి నూట పన్నెండు, ఎలుగుబంటికి తొమ్మిది. వేమలంకకి ఒక్క ఓటు కూడా రాలేదు. నాకు ఆ గ్రూపులో చోటు లేదు కదా.

సరిగ్గా అప్పుడే ప్రభుత్వంవారు పాత వాహనాల గుర్తింపు పక్షోత్సవాలు ప్రకటించారు. పదిహేను రోజుల్లో ప్రతి పాత బండీ ఏమిటో గుర్తించాలి. గుర్తింపు లేని బండిని తుక్కు చేయాలి. వామనరావుగారు కంగారుపడ్డాడు. ఊరికి ఉన్న ఒక్క యూరపు సంపద తుక్కైపోతుందని, దాన్ని కాపాడమని రవాణా ఆఫీసుకి అర్జీ పెట్టాడు. నన్ను అడగలేదు. మంచిపనికి అడగడమెందుకు!

మర్నాడు ఇనస్పెక్టరుగారు వచ్చాడు. ఆయన చేతిలో టేపు, పక్కన గుమస్తా. ముందుగా చక్రాలు లెక్కపెట్టాడు. నమ్మకం కుదరక మళ్లీ లెక్కపెట్టాడు.

"మూడేనా?"

"మూడేనండి."

"కంప్యూటరులో మూడు చక్రాలంటే ఆటో. రాసుకో," అన్నాడు గుమస్తాతో.

"ఆటో కాదండి," అన్నాను. "ఆటోకి ముందొకటి, వెనక రెండు ఉంటాయండి. దీనికి ముందు రెండు, వెనకొకటండి."

ఇనస్పెక్టరు ఆలోచించాడు. మెల్లిగా నడిచి బండి వెనక్కి వెళ్లి నుంచున్నాడు. "ఇలా రా. ఇక్కణ్ణించి చూడు. ఇప్పుడు ముందెన్ని?"

"మనం వెనక నుంచున్నామండి."

"ఎన్నయ్యా అంటే?"

"ఒకటండి."

"వెనక?"

"రెండండి. కానీ మనం వెనక..."

"నువ్వు ఎక్కడ నుంచుంటావో నీ ఇష్టం. డిపార్టుమెంటు నుంచునే చోటు ఇది."

గుమస్తా రాశాడు: 'ఆటోరిక్షా. ముందుభాగము వెనుకవైపున కలదు.'

ఇక అక్కణ్ణించి మొదలైంది. ఆటో అన్నాక తోలేవాడికి కాకీ చొక్కా ఉండాలి. కుట్టించుకున్నాను. నాగరత్నం ఎగాదిగా చూసి, "బానే ఉన్నావు గానీ, ఈ ఏసంలో కూరగాయలకెళ్లకు. మార్కెట్టోళ్లు భయపడి కొసరు కూడా ఎయ్యరు," అంది. ఆ చొక్కా వేసుకుని మెయిన్ రోడ్డెక్కిన మొదటిరోజే కానిస్టేబులు ఆపాడు. ఎప్పుడూ నవ్వి వదిలేసే మనిషే. ఈసారి కాగితం చదివాడు.

"తాతారావుగారూ, దీని ముందుభాగం వెనకుందని రాశారు కదండీ. మీరు సంత దగ్గర్నుంచి ఇక్కడిదాకా రివర్సులో తోలుకొచ్చారన్నమాట. మెయిన్ రోడ్డు మీద రివర్సు తప్పండీ."

"నా మొహం ఎటుందండీ?"

"మీ మొహం మీ ఇష్టం. బండి మొహం రాసుంది."

జరిమానా కట్టాను. అక్కడితో ఆగినా బాగుండేది. ఆటోకి ఏటా ఫిట్‌నెస్ పరీక్ష ఉంటుంది. పరీక్ష రోజున ఆఫీసు ఆవరణలో ముగ్గుతో ఒక గీత గీశారు. ఇనస్పెక్టరు కుర్చీలో కూర్చుని, "ఊఁ, పది గజాలు ముందుకి," అన్నాడు. స్టార్టు చేసి పది గజాలు వెళ్లాను.

"అది వెనక్కి. ముందుకి రమ్మన్నాను."

"రికార్డు ప్రకారం ముందుకి రావాలంటే రివర్సు గేరుండాలండి. దీనికి లేదండి."

"అంటే ముందుకి రాదా?"

"తోక పట్టుకుని తిప్పేస్తే వస్తుందండి. మా గురువుగారు అలాగే తిప్పేవాడు."

ఆయన కుర్చీలోంచి సగం లేచాడు. "తిప్పకు! తిప్పితే ముందు వెనకవుతుంది, వెనక ముందవుతుంది. రికార్డు పాడైపోతుంది."

"పోనీ తొయ్యమంటారా అండి?"

"తోస్తే అది నీ బలం. బండి బలం కాదు."

గంటసేపట్లో కాగితం చేతికిచ్చారు. ఇప్పటికీ నా పెట్టెలో ఉంది. 'తమరు పరీక్షకు హాజరుపరచిన వస్తువు ముందునకు కదలజాలదని నిర్ధారించడమైనది. ముందునకు కదలజాలనిది వాహనము కానేరదు. వాహనము కానిది ఈ కార్యాలయపు పరిధిలోనికి రాదు. స్థిరాస్తిగా పరిగణించి తగు చర్య నిమిత్తము పురపాలక సంఘమునకు పంపడమైనది.'

ఆ కాగితం కాకీ చొక్కా జేబులో పెట్టుకుని, ఆ స్థిరాస్తిని స్టార్టు చేసి, దాని మీదే ఇంటికొచ్చాను. ఇనస్పెక్టరుగారు గేటు దగ్గర నుంచుని, "జాగర్తగా వెళ్లు," అన్నాడు. స్వభావానికి మంచివాడే.

పురపాలక సంఘంలో కట్టడాల సంగతి చూసేది హైమావతి మేడమ్. చాలా నెమ్మదస్తురాలు. కోపం రాదు. నోటీసు కూడా నవ్వుతూనే ఇస్తుంది. షెడ్డుకి వచ్చి, బండి చుట్టూ తిరిగి, ఫైలు తెరిచి అడిగింది.

"పైకప్పు?"

"టాపుందండి."

"ద్వారములు?"

"ఒకటేనండి. ముందుకి."

"కిటికీలు?"

"రెండు అద్దాలండి."

"ఎంతమంది పడతారు?"

"ఇద్దరండి. సన్నంగా ఉంటే."

"పునాది?"

"టైర్లండి."

"లోతు ఎంత?"

"గాలి కొట్టినదాన్ని బట్టుంటుందండి."

మేడమ్ రాసుకుంది. నేను తల వంచి చూశాను. 'ఏకగది నిర్మాణము. పునాది: వాయుపూరితము.'

"చూడండి తాతారావుగారూ," అంది మెత్తగా. "కదలనిది, పైకప్పు కలది, ద్వారబంధము కలది, మనుష్యులు కూర్చుండుటకు వీలైనది. దీన్ని మేం కట్టడం అంటాం. మీరు ఏమంటారో మీ ఇంట్లో అనుకోండి."

వారంలో డోర్ నంబరు వచ్చింది. నా షెడ్డు 7-4-19, బండి 7-4-19/ఎ. నీలం రంగు పలక తెచ్చి బండి తలుపుకి మేకులు కొట్టి బిగించారు. దావూద్ సాయిబు సాపు చేసిన రేకుకి నాలుగు చిల్లులు పడ్డాయి. నాగరత్నం దాన్ని చూసి, "మన ఇంటికి ఇన్నేళ్లనించీ నంబరు సాక్‌పీసుతోనే రాసుంది. దీనికి పలక కూడానా! నేనన్నదే నిజం, మొదటి పెళ్లానికే మర్యాదెక్కువ," అంది. నవ్వుతూనే అంది. నవ్వడం మాకు అదే ఆఖరు.

ఎందుకంటే మేడమ్ ఫైలులో ఇంకొక గడి ఉంది. 'నిర్మించిన సంవత్సరము.' నేను 1971 అని నిజం చెప్పాను. చదువుకున్నవాడైతే తెలియదని ఉండేవాడు. యాభై ఏళ్లు దాటిన కట్టడం వారసత్వ కట్టడమట. దాన్ని పరిశీలించడానికి ఉపసంఘం వేశారు. ఉపసంఘానికి అధ్యక్షుడెవరో చెప్పనక్కర్లేదు. వామనరావుగారు పట్టుపంచె కట్టుకుని, బంతిపూల దండ తెచ్చి, డోర్ నంబరు పలకకి వేశాడు.

ఆ రోజు షెడ్డులో కుర్చీలు వేసుకుని వాళ్లు నా బండిని అధికారికంగా గుర్తుపట్టారు. 'యుద్ధానంతర యూరోపియన్ గుండ్రటి శైలి' అని వామనరావుగారు చెప్పాడు, మేడమ్ రాసింది.

నేను ఉండబట్టలేక సీటు ఎత్తాను. సీటు కింద రేకు మీద ఉలితో చెక్కిన అక్షరాలున్నాయి: 'దావూద్, వేమలంక, 1971.' సాయిబుకి రాయడం వచ్చింది ఆ రెండు మాటలే.

"ఇదిగోండి. చేసినవాడి పేరు. చూసుకోండి."

అందరూ వంగి చూశారు. వామనరావుగారు కళ్లజోడు పెట్టుకుని దగ్గరగా చూసి నిట్టూర్చాడు.

"చూశారా మేడమ్! ఎక్కడ చారిత్రక కట్టడం కనపడినా మనవాళ్లు పేర్లు చెక్కేస్తారు. కోటల్ని వదల్లేదు, గుహల్ని వదల్లేదు. పోన్లే, ఈయన గుండెలో బాణం గుర్తు వెయ్యలేదు."

"ఆయన బండి చేసినవాడండి!" అన్నాను. నా గొంతు పెద్దదైంది.

"కట్టడం మీ అధీనంలో ఉండగా పేరు చెక్కించుకున్నందుకు బాధ్యత స్వాధీనదారుడిదే కదండీ," అంది మేడమ్ నెమ్మదిగా. వారసత్వ కట్టడాన్ని పాడుచేసినందుకు నాకు రెండు వేల జరిమానా రాసింది. నలభై రెండేళ్లు ఆ మనిషి దగ్గర నేర్చుకున్న పనితో బతికాను. ఆయన పేరు రేకు మీద ఉండటం నా నేరమని కాగితం మీద సంతకం పెట్టాను.

అసలు నోటీసు ఆ తర్వాత వచ్చింది. వారసత్వ కట్టడానికి నలుదిక్కులా ఖాళీ వదలాలి. గాలీ వెలుతురూ తగలాలి. దాన్ని కప్పుతూ ఒక అక్రమ నిర్మాణం ఉన్నట్టు ఉపసంఘం గమనించింది. ఆ అక్రమ నిర్మాణం నా షెడ్డు. ఏడు రోజుల్లో పడగొట్టాలి, స్థలం కట్టడం రక్షణ కింద పురపాలక సంఘానికి వెళుతుంది. అంటే నా బండి ఎండావానా తగలకుండా ఉండటానికి సాయిబు వేసిన షెడ్డు, ఇప్పుడు నా బండికి అడ్డం.

ఏడు రోజుల్లో ఆరు రోజులు తిరిగాను. నా మాట వినడానికి ఎవరికీ ఖాళీ లేదు. ఆరో రోజు సాయంత్రం అన్నం ముందు పెట్టి నాగరత్నం అంది:

"ఏవయ్యా, ఆళ్లేటంటన్నారు?"

"అది కదలదంటున్నారు. కదలదు కాబట్టి కట్టడమంటున్నారు."

"అది కదుల్తాదో లేదో నీకు తెలీదా?"

"నాకు తెలిస్తే ఎవడిక్కావాలి?"

"మరి ఆళ్లకి తెలిసేలా చెయ్యవేటి? రేపు సోమారం. అర్జీల రోజు. అందరూ ఒక్కచోటే ఉంటారు. ఎక్కి, తోలుకెళ్లి, ఆళ్ల ముందు ఆపు. కళ్లతో చూశాక ఏమంటారో చూద్దాం."

ఇంత చిన్న ఉపాయం నాకు తట్టలేదే అని సిగ్గుపడ్డాను. నాలుగు ముద్దలు ఎక్కువ తిన్నాను కూడా.

మర్నాడు పది గంటలకి దస్తావేజు సంచిలో పెట్టుకుని, డోర్ నంబరు 7-4-19/ఎని స్టార్టు చేసి, కాలవ పక్క రోడ్డు మీదుగా పురపాలక సంఘం ఆఫీసుకి తోలుకుపోయాను. పేటలో సగం మంది వెనకాలే వచ్చారు. టీ కొట్టువాళ్లు గ్లాసులతో సహా వచ్చారు. ఆఫీసు గేటు పక్కన నిద్రగన్నేరు చెట్టుంది. దాని నీడలో బండి ఆపాను. హారను కొట్టాను. కమిషనరుగారు మెట్ల మీదికి వచ్చాడు. ఆయన వెనకాల హైమావతి మేడమ్, ఏదో పని మీద వచ్చిన రవాణా ఇనస్పెక్టరు, ఎప్పుడూ అక్కడే ఉండే వామనరావుగారు.

నేను తలుపు ముందుకి తోసుకుని దిగి, చేతులు జోడించాను. "అయ్యా, కదలదన్నారు. కదిలిందాండీ?"

జనం చప్పట్లు కొట్టారు. ఒక్క నిమిషం, ఒకే ఒక్క నిమిషం, నేను గెలిచాననుకున్నాను.

కమిషనరుగారు బండిని పైనుంచి కిందికి చూసి, మేడమ్ వైపు తిరిగి, "ఇదేమిటి?" అన్నాడు.

మళ్లీ అదే ప్రశ్న.

మేడమ్ ఫైలు తెరిచింది. "డోర్ నంబరు 7-4-19/ఎ అండి. వాయుపూరిత పునాది గల వారసత్వ కట్టడం."

"ఇక్కడెందుకుంది?"

ఇనస్పెక్టరు గొంతు సవరించుకున్నాడు. "అది ముందునకు కదలజాలదని మా ధ్రువపత్రం ఉంది సార్."

"ఇప్పుడే కదా వచ్చింది!" అని గుంపులోంచి ఎవరో అరిచారు.

"వచ్చింది సార్," అన్నాడు ఇనస్పెక్టరు. "కానీ వెనక్కి వచ్చింది. మేము ముందుకి గురించి మాత్రమే రాశాం."

"కట్టడాలు కదలవండి," అన్నాడు వామనరావుగారు గట్టిగా. "ప్రపంచంలో ఎక్కడా కదల్లేదు."

కమిషనరుగారు తెలివైనవాడు. పెద్ద పరీక్ష రాసి వచ్చినవాడు. మెట్లు దిగి, బండి చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, ఆగాడు.

"రికార్డు ప్రకారం ఇది కదలదు. ఇప్పుడు ఇక్కడుంది. కదలనిది ఇక్కడుందంటే, మొదటినుంచీ ఇక్కడే ఉండి ఉండాలి."

"ఇప్పుడే తోలుకొచ్చానండి! ఊరంతా చూసిందండి!"

"చూసినవారు అర్జీ పెట్టుకోవచ్చు. నీ దగ్గర స్థలం కాగితాలేమైనా ఉన్నాయా?"

ఉన్నాయండీ అని సంతోషంగా సంచి విప్పాను. అంతకన్నా నా వేలు నేను నరుక్కున్నా బాగుండేది. కమిషనరుగారు దస్తావేజు పైకి చదివాడు. సాయిబు మాటలు ఆయన నోట్లోంచి వచ్చాయి:

"'నా మూడు చక్రముల బండి నిలబడి ఉండు స్థలము, రెండు సెంట్ల ముప్పై ఒక్క గజములు. హద్దులు: తూర్పు, ప్రభుత్వపు కాలవ. పడమర, రోడ్డు. ఉత్తరము, నిద్రగన్నేరు చెట్టు. దక్షిణము, ఖాళీ స్థలము.'"

ఆయన తూర్పుకి చూశాడు. కాలవ. పడమరకి చూశాడు. రోడ్డు. చెట్టు మీద చెయ్యి వేశాడు. మా ఊరంతా కాలవకీ రోడ్డుకీ మధ్య తోకలాగా ఉంటుంది. నిద్రగన్నేరు చెట్లు ఎవరో దొరగారి కాలంలో వంద గజాలకొకటి నాటారు. వేమలంకలో ఎక్కడ నుంచున్నా ఈ హద్దులు సరిపోతాయి. ఆ ఊళ్లో పుట్టినవాడికి అది తెలుసు. కమిషనరుగారిది వేరే జిల్లా.

"దక్షిణం?" అన్నాడు.

"సైకిలు స్టాండండి," అన్నాను ఆశగా.

"ఇవాళ సైకిళ్లు లేవు," అంది మేడమ్. "ఖాళీయే."

సర్వేయరు వచ్చి గొలుసు వేశాడు. బండి చుట్టూ రెండు సెంట్ల ముప్పై ఒక్క గజాలు కొలిచి నాలుగు మూలలా రాళ్లు పాతాడు.

"అయితే నీ స్థలం ఇది," అన్నాడు కమిషనరుగారు. "ఇది సంఘం ఆవరణ. 1971 నుంచి మా ఆవరణని ఆక్రమించుకుని ఉన్నావన్నమాట. ఈరోజుతో ఖాళీ చేయించడమైనది."

"అయ్యా, మరి నా షెడ్డు ఉన్న చోటు?"

"ఏ షెడ్డు?"

"కాలవ వంతెన పక్కనండి. ఇన్నేళ్లుగా పన్ను కూడా నేనే కట్టానండి!"

"నీ బండి అక్కడ లేదు కదా. మరి అది నీదెలా అవుతుంది? ఇంతకాలం ఎవరిదో స్థలానికి పన్ను కట్టావు. మంచి మనసు."

నేను ఆఖరి ప్రయత్నం చేశాను. "అయ్యా, దస్తావేజులో బండని రాసుంది. మీరు ఇది బండి కాదంటున్నారు. రెండిట్లో ఒకటే కదండీ నిజం?"

ఆయన నన్ను జాలిగా చూశాడు. "రాసిన రోజున అది బండి. నేడు కట్టడం. దస్తావేజునీ కాదనలేం, రికార్డునీ కాదనలేం. రెండిటినీ గౌరవించాలి. అదే పరిపాలన."

జనం గ్లాసులు పట్టుకుని మెల్లిగా వెళ్లిపోయారు. నాగరత్నం మాత్రం చెట్టు కింద చాలాసేపు నుంచుంది. "నేనే కదా ఎళ్లమంది," అంది. అంతకుముందు ఎప్పుడూ ఆ మనిషి తప్పు తనదని ఒప్పుకోగా వినలేదు.

బండిని మళ్లీ షెడ్డు దగ్గరకి తోలేస్తే స్థలం కూడా వెనక్కి వచ్చేస్తుంది కదా అని నాకు తట్టింది. కమిషనరుగారికి నా కన్నా ముందే తట్టింది. అప్పటికప్పుడు మూడు చక్రాలకీ గొలుసు వేయించి తాళం బిగించాడు.

"కదలని కట్టడానికి గొలుసెందుకండి?" అన్నాను.

"కదలకుండా," అన్నాడు.

నా షెడ్డు ఉన్న జాగా ఎవరిదీ కాదని తేలింది. ఎవరిదీ కాని జాగా పురపాలక సంఘానిది. సంఘం దాన్ని పాత వస్తువుల ప్రేమికుల సంఘానికి ఇచ్చింది, వారసత్వ కట్టడాన్ని చూడటానికి వచ్చేవాళ్లు కార్లు పెట్టుకోవడానికి. షెడ్డు పడగొట్టినప్పుడు దూలాలు పాత కర్రవని వామనరావుగారు ముచ్చటపడి ఇంటికి తీసుకెళ్లాడు. నేను కాలవగట్టు మీద ఒక టార్పాలిను పట్టా కట్టుకుని కింద కూర్చుని పంక్చర్లు వేస్తున్నాను. గేదెలొస్తే లేచి దారిస్తాను.

బండి చుట్టూ కటకటాలు వచ్చాయి, టిక్కెట్టు పెట్టారు. బోర్డు మీద 'యుద్ధానంతర యూరోపియన్ శైలి. నిర్మాత: తెలియదు' అని రాశారు. నెలకొకసారి హైమావతి మేడమ్ ఫోను చేస్తుంది. "తాతారావుగారూ, కట్టడం పునాది కుంగుతోందండీ. వచ్చి కాస్త గాలి కొట్టండి," అంటుంది. పంపు పట్టుకుని వెళ్తాను. నాకు టిక్కెట్టు అడగరు, ఆ మాత్రం మర్యాద ఉంది. గాలి కొట్టాక, ఎవరూ చూడకుండా సీటెత్తి, కిరసనాయిలు గుడ్డతో ఆ అక్షరాలు తుడుస్తాను. తుప్పు పట్టకూడదు కదా. లోతుగా చెక్కుదామంటే మళ్లీ రెండు వేలు.

మొన్న వామనరావుగారు టైరు పంక్చరై గట్టు మీదికి వచ్చాడు. నా వెనక చూశాడు. అక్కడ నేను పంక్చరు చూసుకోవడానికి నీళ్లు పోసుకునే రేకు తొట్టి ఉంది, సాయిబు చేసినదే.

"తాతారావ్," అన్నాడు, "ఇదేంటయ్యా?"

తొట్టి తీసి కాలవలోకి విసిరేశాను. అది లెక్కలోకి రాదు. నాకు మొత్తం మీద పోయింది రెండు సెంట్ల ముప్పై ఒక్క గజాలు.